కొబ్బరినీళ్ల తుప్పు

ఇప్పటి రోజుల్లో రంగూన్‌లో కూర్చుని తుపాకీ గురించి తీరిగ్గా రాయడమే తప్పుగా తోస్తుంది. ఆ మాట పలకాల్సి వస్తే మా వీధిలో అందరూ గొంతు తగ్గిస్తున్నారు. నేను రాసేది ఇంత గొడవ లేని కాలం సంగతి, కొన్నేళ్ల కిందటిది. అప్పట్లో కొందరి ఇళ్లలో లైసెన్సు ఉన్న పాత తుపాకీలు పెట్టెల్లో పడి ఉండేవి. మింగళాడోన్ దాటాక ఒక మైదానంలో ఆదివారాలు కొంతమందిమి చేరి, గాలిలోకి విసిరిన మట్టి బిళ్లల్ని కాల్చేవాళ్లం. బిళ్లలే, పిట్టలు కావు.

ఆ మైదానంలో నాకు సొంత తుపాకీ లేదు. పబేడాన్ బజారులో బోల్టులూ బేరింగులూ అమ్ముకునేవాడికి ఎక్కడిది? టేకు వ్యాపారం చేసి మానేసిన ఒక బర్మా ఆయన తన రెండో తుపాకీ నాకు ఇచ్చేవాడు. ఇస్తూ ప్రతిసారీ అందరికీ వినబడేలా, "అకో, ఇవాళ ఎవరి తుపాకీతో గురి తప్పుతావు?" అనేవాడు. అకో అంటే అన్నా అని. అన్నా అంటూనే అనేవాడు. ఆయన మంచివాడే, తూటాలు కూడా తనవే ఇచ్చేవాడు. అయినా ఎవరెవరు నవ్వారో, ఏ మూల నిలబడి నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

అలాంటి సమయంలో పజుండౌంగ్ నుంచి పిన్ని కబురు పంపింది. సొంత పిన్ని కాదు, మా అమ్మ వైపు వరస. వాళ్లాయనకి బియ్యం వ్యాపారం ఉండేది. మా నాన్నకి అదే పేటలో, వాగు పక్కన చిన్న వర్క్‌షాపు. తాళాలు, నీళ్ల పంపులు, కుట్టుమిషన్లు, తుపాకీలు, ఏది తెచ్చినా బాగుచేసేవాడు. చుట్టరికం ఒకటే గాని అంతస్తులు వేరు. వాళ్ల పెద్దమ్మాయి పెళ్లిలో మమ్మల్ని రెండో బంతిలో కూర్చోబెట్టారు. మా విస్తళ్ల దగ్గరికి వచ్చేసరికి పులిహోర అయిపోయింది, దప్పళం అడుగంటింది. "ఇంకా ఆ దప్పళమేనా?" అని మా ఆవిడ నవ్వుతుంది. అవును, ఇంకా ఆ దప్పళమే.

పిన్ని కబురు ఇది. బాబాయి పోయి కొన్నేళ్లయింది, ఆయన తుపాకీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. పేరు మార్పించుకునేవాడు దొరక్కపోతే స్టేషన్‌లో అప్పజెప్పాలి. ఇటలీ తుపాకీ. మనవాడి చేతిలో ఉంటే బాగుంటుంది, వచ్చి చూసుకో.

ఒక ఆదివారం మైదానానికి వెళ్లకుండా పజుండౌంగ్ వెళ్లాను. జేబులో చిన్న టార్చి, సిగరెట్ కాగితాలు, మందు లేని రెండు డమ్మీ తూటాలు, ఒక నూలు గుడ్డ. చూసి కొనడం ఎలాగో మా నాన్న నేర్పాడు. ఆయన దగ్గర నేను వేరే ఏమీ నేర్చుకోలేదని ఆయన ఫిర్యాదు. ఇది మాత్రం నేర్చుకున్నాను.

పిన్ని బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, దాని మీద తుపాకీ పెట్టి ఉంచింది. తుపాకీకి పట్టుగుడ్డ చుట్టి ఉంది. ఆవిడ పెళ్లిచీర ముక్క అట.

"ఆయన పోయాక ఒక్క దసరా కూడా తప్పలేదు," అంది విప్పుతూ. "తలంటి పోసినట్టు కొబ్బరినీళ్లు పోసి, పసుపు రాసి, బొట్టు పెట్టి, నువ్వులనూనె పట్టించి, మళ్లీ ఇందులోనే సుట్టి పెట్టేను. ఆయన వస్తువు ఆయన వదిలెళ్లినట్టే ఉంది. సూడు."

ఆవిడ మొహం చూశాను. ఆ తుపాకీ నాకు అమ్మడం మీద ఆవిడకి పెద్ద ఆత్రం లేదు. ఆయన వస్తువుని తాను బాగా చూసుకుందని నా నోటితో చెప్పించుకోవాలని ఉంది. అది నాకు అప్పుడే తెలిసింది. తెలిసి కూడా ఆ తరవాతి పని చేశాను.

పన్నెండు బోరు, పక్కపక్కనే రెండు గొట్టాలు, లోహం మీద సన్నటి తీగల చెక్కడం. ముందు తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీ అని చూసుకున్నాను. చెక్కడం వంక చూడలేదు. చెక్కడం చూసి మోసపోయేవాళ్ల కోసమే చెక్కుతారు అనేవాడు మా నాన్న. పైన ఉండే మీటని చూశాను. మూసినప్పుడు ఆ మీట మధ్యగీతకి కాస్త కుడివైపు ఆగాలి. వాడి వాడి అరిగిన తుపాకీలో అది ఎడమకి జారిపోతుంది. ఇది కుడివైపే ఆగింది. తరవాత గొట్టాల కింద ఉండే ముందు చెక్కని ఊడదీశాను. ఆ చెక్క ఉన్నంతసేపూ వదులు కూడా బిగువులాగే అనిపిస్తుంది. అది తీసేసి, తుపాకీ విరిచే మడత దగ్గర పట్టుకుని మెల్లగా ఊపాను. కటకట లేదు. సిగరెట్ కాగితం ముక్క గొట్టాల వెనక పెట్టి మూస్తే, కాగితం పట్టుకుపోయింది, లాగితే చిరిగింది. అక్కడ సందు లేదన్నమాట.

"ఏటిరా, కోడి ఈకలు పీకినట్టు అలా పీకేస్తన్నావు?" అంది పిన్ని.

"కొనేముందు చూడాలి కదా పిన్నీ."

"సూడు, సూడు. మీ నాన్నా అంతే. గుడిలో పెసాదం పెట్టినా తిరగేసి సూసేవోడు."

బయటికి వెళ్లే తొందరలో ఉన్న పిన్ని మనవరాలు గుమ్మం దగ్గర నవ్వింది. తెలుగు అర్థమవుతుంది ఆ పిల్లకి, మాట్లాడ్డం తక్కువ. "ఊలే, బామ్మ జోక్ చేస్తంది," అనేసి వెళ్లిపోయింది. ఊలే అంటే మామయ్య. నేను నవ్వలేదు. మా నాన్న మీద జోకులు ఆ ఇంట్లో వినడం నాకు ఇష్టం లేదు.

డమ్మీ తూటాలు పెట్టి ట్రిగ్గర్లు నొక్కాను. ఖాళీగా నొక్కితే లోపలి పిన్నులు దెబ్బతింటాయి. మొదటిది గాజు పుల్ల విరిగినట్టు టక్కున పడింది. రెండోది కాస్త జిగటగా, ఆలోచించుకుని పడింది. కాల్చిన డొప్పల్ని బయటికి విసిరే ఎజెక్టర్లు కూడా అంతే, కుడిది టపీమని విసిరింది, ఎడమది బద్ధకంగా తోసింది. లోపల ఏదో బంకలా పట్టుకుని ఉంది. ఆ బంక ఏమిటో నాకు వాసనలోనే తెలిసింది. గట్టిపడిన నువ్వులనూనె.

గొట్టాలు విడదీసి, వేలికి తగిలించి వేలాడదీసి, పిడికిలి కణుపుతో తట్టాను. మంచి గొట్టాలు చిన్న గుడిగంటలా మోగి, ఆ మోత సాగుతుంది. ఇవీ మోగాయి, కాని మోత చివర్లో డబ్బాలో తేనెటీగ పడ్డట్టు ఒక జుమ్ము. రెండు గొట్టాలనీ కలిపే పట్టీ ఎక్కడో అతుకు వదిలిందని దాని అర్థం. టార్చి వేసి కింది వైపు చూశాను. పట్టీ అంచు పొడవునా ఎర్రటి తుప్పు. సందులో ఎండిన పసుపు. స్క్రూల గాడుల్లో పసుపు. ఎడమ గొట్టంలోంచి కిటికీ వైపు చూస్తే, నిండు చక్రాల్లా కనబడాల్సిన వెలుగు ఒక చోట మశూచి మచ్చల్లా గుంటలు పడి చెదిరింది. నీళ్లు లోపలికి పోసి, తుడవకుండా, పట్టులో చుట్టి, మళ్లీ దసరా దాకా పెట్టెలో.

ఇక్కడే చెప్పాలి, తుపాకీ చెడిపోలేదు. అసలు పనితనం గట్టిది. పట్టీకి అతుకు వేయించి, లోపలి నూనె కడిగి, గొట్టం కాస్త పాలిష్ చేయిస్తే ఇంకో రెండు తరాలు పనిచేస్తుంది. నేను కొందామనే నిర్ణయించుకున్నాను. "బాగుంది పిన్నీ, కాస్త శుభ్రం చేసుకుంటే చాలు," అని ఉంటే సరిపోయేది. అందులో అబద్ధం కూడా లేదు.

"ఏటి, మాటాడవు?" అంది.

"తుప్పు పట్టింది."

"ఎక్కడ? నాకేటీ కనపడదే."

"చెక్క కింద. గొట్టం లోపల."

"వంక పెట్టకుండా మీ ఇంట్లో ఎవులూ వస్తువు ఎత్తరు కదా!" అంది పిన్ని నవ్వుతూనే. "మీ నాన్న సెయ్యి పడకుండా ఉంచేను కాబట్టే ఇన్నాళ్లు ఇలా ఉంది."

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పాలి. మా నాన్న చెయ్యి ఆ తుపాకీ మీద ప్రతి ఏడూ పడేది. విజయదశమి మర్నాడు ఆ ఇంటి నుంచి పిలుపు వచ్చేది. పిన్ని గుడికి వెళ్లే వేళ చూసుకుని రమ్మనేవారు. ముందు తలుపు నుంచి కాదు, వంటింటి వైపు ఇనప మెట్ల మీంచి. ఒకసారి వెనకాల నేనూ వెళ్లాను. మా నాన్న వసారాలో గోనె మీద కూర్చుని తుపాకీ విప్పి, కిరసనాయిలుతో కడిగి, మిషన్ ఆయిలు పట్టించి ఇచ్చాడు. కుర్చీ లేదు. బాబాయి పక్కనే నిలబడి మాటిమాటికీ వీధి వైపు చూస్తూ తొందరపెట్టారు. దారిలో మా నాన్న నాతో, "అమ్మగారికి తెలీకూడదు, నోరు జారకు," అన్నాడు. మురికి చేతుల మెకానిక్ ఇంట్లో అడుగుపెట్టాడని ఆవిడకి తెలియకూడదని నేను అర్థం చేసుకున్నాను. దప్పళం దాని తరవాతే. ఆ ఇనప మెట్లని నేను ఇన్నేళ్లూ మోశాను.

అందుకే అన్నాను. "వంక కాదు పిన్నీ, తుప్పు. మీ కొబ్బరినీళ్ల తుప్పు."

ఆవిడ మొహంలో నవ్వు ఆగింది. "ఆయనున్నన్నాళ్లూ పోసేను. అప్పుడు లేని తుప్పు ఇప్పుడెలా వచ్చింది?"

"అప్పుడూ వచ్చేదే. మర్నాడు మా నాన్న వచ్చి కడిగేవాడు కాబట్టి నిలవలేదు."

"ఏ మర్నాడు?"

"దసరా మర్నాడు. మీరు గుడికి వెళ్లాక. వెనక మెట్ల మీంచి రప్పించేవారు."

"ఎవులు?"

"బాబాయే."

ఆవిడ కుర్చీ చేతి మీద చెయ్యి ఆనించి మెల్లగా కూర్చుంది. "నాకు సెప్పొద్దన్నారేటి?"

"మీకు తెలీకూడదని..." అన్నాను. ఆ వాక్యం సగంలో ఉండగానే నాకు అర్థమైంది. తెలియకూడనిది మా నాన్న రాక కాదు. ఆవిడ పూజ ఆ తుపాకీని తినేస్తోందన్న సంగతి. బాబాయి వీధి వైపు చూసింది మమ్మల్ని చూసి సిగ్గుపడి కాదు, ఆవిడ వస్తుందేమో అని. కుర్చీ వెయ్యకపోవడం, తొందరపెట్టడం, ఇనప మెట్లు, అన్నీ ఆవిడ మనసు నొచ్చుకోకుండా ఇద్దరు మగవాళ్లు ఏటేటా పడ్డ అవస్థ. నోరు మూసుకోవాల్సింది. కాని వాక్యం పూర్తి చేశాను, "...అనేవారు."

పిన్ని తుపాకీని వేలితో తడిమింది.

"మర్నాడు వచ్చి సూస్తే పసుపు ఉండేది కాదు," అంది. "బొట్టూ ఉండేది కాదు. పసుపేదండీ అంటే, 'తుపాకీ పీల్సేసుకుందే, నీ సేతి పసుపంటే దానికి పాణం,' అనేవోరు." పట్టుగుడ్డ దగ్గరికి లాక్కుంది. "నేను నమ్మేను."

ఇలాంటప్పుడు ఏదైనా అనడం నాకు రాదు. తప్పు ఎత్తిచూపడం వచ్చు. దాని తరవాతి పని రాదు.

"ఆయన పోయాక పసుపు అలాగే ఉండిపోయేది," అంది పిన్ని. "ఆయన లేరు కదా, దానికి ఆకలి సచ్చిపోయిందేటో అనుకున్నాను."

బేరం ఆడలేదు. ఆవిడ చెప్పినదానికి నేను ఒప్పుకున్నాను, నేను ఒప్పుకున్నదాన్ని ఆవిడ వినిపించుకోలేదు. కాగితాల పని మనవరాలు చూస్తుందని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. పట్టుగుడ్డ మాత్రం తీసుకెళ్లింది.

పేరు మార్పు ఎలా జరిగిందో రాయను, ఆఫీసుల్లో నాకు జరిగిన అవమానాలు వేరే రాయాల్సినన్ని ఉన్నాయి. తుపాకీ నాదయ్యాక నేనే విప్పి, మా నాన్న చేసినట్టే కడిగాను. ట్రిగ్గర్ల పైన ఉండే తాళంలోంచి నువ్వులనూనె బెల్లం పాకంలా తీగలు సాగింది. పసుపుని పుల్లతో గీకాను. గీకుతుంటే ఏదో చెయ్యకూడని పని చేస్తున్నట్టు ఉండేది. ఎవరూ లేకపోయినా తలుపు వేసుకుని గీకాను. నేను అబద్ధం ఆడలేదు అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది నిజమే. ఆవిడే నన్ను రెచ్చగొట్టిందనీ చెప్పుకున్నాను. అదీ నిజమే. రెండు నిజాలూ కలిసి కూడా నాకు నిద్రపట్టడానికి సరిపోలేదు.

మైదానంలో టేకు వ్యాపారి తుపాకీని చేతుల్లోకి తీసుకుని, మీట చూశాడు, తట్టి విన్నాడు, తిరిగి ఇచ్చాడు. తరవాత అందరి ఎదటా, "అకో, ఇకమీదట నువ్వే నాకు అరువివ్వాలి," అన్నాడు. ఎన్నేళ్లుగానో అలాంటి మాట కోసం చూశాను. ఆ రోజు వరసగా బిళ్లలు పగిలాయి. పగిలినప్పుడల్లా పిన్ని "నేను నమ్మేను" అనడమే వినబడింది. మధ్యలోనే కడుపునొప్పని చెప్పి వచ్చేశాను. ఆ కడుపునొప్పి అబద్ధమే. నాకు తెలిసి ఆ ఏడాది అప్పటికి నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

మళ్లీ దసరా వచ్చింది. పిన్ని మనవరాలు నా దుకాణం ముందు నుంచి వెళ్తూ ఆగింది.

"ఊలే, బామ్మ ఈసారి దేనికీ పూజ చెయ్యదట. మెషిన్‌కి లేదు, కత్తిపీటకి లేదు. నా ల్యాప్‌టాప్‌కి ఎప్పుడూ బొట్టు పెడుతుంది, అదీ వద్దంది. ఎందుకో మీకు తెలుసా?"

"తెలీదమ్మా," అన్నాను. రెండో అబద్ధం. ఇంతకన్నా చేతకానిది నేను వినలేదు. ఆ పిల్ల నా మొహం చూసి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం తుపాకీ పెట్టె పట్టుకుని పజుండౌంగ్ వెళ్లాను. పిన్ని ముందు గదిలోనే ఉంది. తలుపు తీసి, పెట్టె చూసి, "ఏటి, పాడైపోయిందా?" అంది.

"లేదు పిన్నీ. దసరా కదా, బొట్టు పెడతారని తెచ్చాను."

"నీళ్లు పొయ్యనా?" అంది. ఎగతాళిలా లేదు, అలా అని లేకపోలేదు.

"బొట్టు చాలు."

ఆవిడ కుంకుమ భరిణ తెచ్చింది. పెట్టె తెరిచి చూసింది. గొట్టాల నలుపు, చెక్క నునుపు చూసి, "బాగా సేసేవు. మీ నాన్న పనిలా ఉంది," అంది. వేలు కుంకుమలో అద్దింది. అద్ది, ఆగింది.

"ఇంటికెళ్లి తుడిసేస్తావా?"

"తుడవను పిన్నీ."

"తుడవకపోతే తుప్పు పట్టదేటి?"

కుంకుమ తడి పీల్చుకుంటుంది, ఈ ఊరి గాలిలో దాని కింద లోహం నిలవదు. పడుతుంది. చెక్క మీద పెట్టమందామనుకున్నాను. మా వాళ్లు బొట్టు ఇనుము మీదే పెడతారు, ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. ఏదో ఒకటి అనాలి. ఆవిడ నా నోటి వంకే చూస్తోంది, చిన్నపిల్ల మిఠాయి కోసం చూసినట్టు. ఆవిడకి నిజం అక్కర్లేదు. నిజం నేనే ఇచ్చాను, అది ఆవిడ దగ్గర ఉంది. ఇప్పుడు కావలసింది ఇంకొకటి.

నేను పెట్టె మూత సవరించాను.

"సూసేవా, సెప్పలేవు," అంది పిన్ని. "ఆయనైతే ఈపాటికి ఏదో ఒకటి సెప్పేద్దురు. నేను నమ్మేసేదాన్ని."

కోప్పడలేదు. కోప్పడితే నేను తిరిగి ఏదో ఒకటి అనగలిగేవాణ్ణి. వేలి కుంకుమని తన నుదుట రాసుకోబోయి, విధవరాలినని గుర్తొచ్చినట్టు చెయ్యి దించి, చీర చెంగుకి తుడుచుకుంది. భరిణ మూత పెట్టింది. "టీ పెడతాను, తాగి ఎల్లు," అంది.

టీ తాగాను. లఫెయె, పాలడబ్బా పాలతో, నాకు ఇష్టమైనంత తియ్యగా. నాకు తీపి ఎక్కువ కావాలని ఆవిడకి ఎలా తెలుసో అడగలేదు. మా నాన్నా అంతే తియ్యగా తాగేవాడు. బహుశా అందుకే.

టాక్సీలో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పబేడాన్ దాకా దారంతా ఆవిడకి చెప్పదగ్గ అబద్ధం ఒకటి కూర్చడానికి చూశాను. ఇటలీ వాళ్లు ఇప్పుడు తుప్పు పట్టని లోహం పూస్తున్నారని. కుంకుమ మంచిదైతే లోహాన్ని ఏమీ చెయ్యదని. బాబాయి కలలోకి వచ్చి అడిగారని. ఒక్కొక్కటీ మనసులో ఆవిడ ముందు పెట్టి చూశాను. ఒక్కటీ ఆవిడ నమ్మేలా లేదు. డ్రైవరు ఇల్లు వచ్చిందన్నాడు. ఇంకో వీధి తిప్పమన్నాను.